స్వప్నలోక నిర్మాణం: మేల్కొన్నవాని వెనుక మిగిలేవారు

‘ఞిష్వప్ శయే’ అనే ధాతువు నుండి పుట్టిన స్వప్నశబ్దానికి నిద్ర అనీ, నిద్రలో కనబడేది అనీ రెండర్థాలున్నవి. మొదటి అర్థంలో అది విశ్రాంతి. రెండవ అర్థంలో అది ఒక లోకం. ఆ లోకాన్ని ఒకడు బుద్ధిపూర్వకంగా, ఇతరులు ప్రవేశించి సంచరించడానికి అనువుగా, పైగా ప్రమాదకరంగా నిర్మించదలచితే ఏమి చేయవలెననే ప్రశ్నను గురించి నాకు తోచిన నాలుగు మాటలు ప్రాచ్య కళాశాలల అధ్యాపక మిత్రుల ముందు, పరిశోధకుల ముందు ఉంచదలచినాను. ప్రశ్న వింతగా తోచవచ్చును. నాకూ మొదట వింతగానే తోచినది.

రెండేండ్ల క్రితం మా కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, “గురువుగారూ, ఒక కలలోకం కట్టాలి. అందులోకి వెళ్లినవాళ్లకు భయం పుట్టాలి. మన గ్రంథాల్లో ఏమైనా ఉన్నదా?” అని అడిగినాడు. ఎందుకని అడిగితే ఆటకోసమన్నాడు. “నాయనా, పరీక్షలు దగ్గరపడుతున్నవి. ముందు కౌముది సంగతి చూడు” అని పంపివేసినాను. అతడు మారు మాటాడక ఒక నోటుపుస్తకాన్ని నా బల్లమీద ఉంచి వెళ్లినాడు.

ఆ ఆట స్వరూపం తెలియని వారికోసం కొంత చెప్పవలసి ఉన్నది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకడు లోకాన్ని వర్ణిస్తాడు. అక్కడి పర్వతాలు, నగరాలు, శత్రువులు, వర్తకులు అన్నీ అతని మాటలోనే ఉంటవి. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తున్నదో, ఏమి పలుకుతున్నదో చెబుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచిక నిర్ణయిస్తుంది. ఇరవై ముఖాల పాచిక కూడా అందులో ఉన్నది. పాచికలంటే మనకు ధర్మరాజు గుర్తుకు రావడం సహజమే గాని, ఇందులో పణం లేదు, గెలుపోటములూ లేవు. కథ వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి సాగుతుంది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో దీనిని మొదటిసారి ప్రకటించినారు. లోకాన్ని నడిపేవానికి ఆంగ్లంలో వేరే పేరున్నది. నేను ‘సూత్రధారుడు’ అంటాను. ఆ విద్యార్థికి ఈ మాట నచ్చినది.

ఆ రాత్రి నోటుపుస్తకం తెరచి చూచినాను. నెత్తుటి నది, నూరు తలల పిశాచాలు, ఎముకల నిచ్చెన, అరిచే చెట్లు – శ్రద్ధగానే వ్రాసినాడు. చివర ఒక నియమాన్ని రెండు గీతలు గీచి ఉంచినాడు: ఇక్కడ చచ్చినవాడు అక్కడా చస్తాడు. చదువుతుండగా నాకు కలిగినది భయం కాదు, ఒక పూర్వపక్షం. కలలో చచ్చినవాడు నిజంగా చస్తే అది కల ఎందుకైనది? మరొక దండకారణ్యం అన్నమాట. చావకపోతే, వాడు లేచి ముఖం కడుగుకొని తన దారిన పోతాడు. అట్టి లోకాన్ని చూచి భయపడవలసిన పని ఏమి? ఉభయతఃపాశరజ్జు న్యాయం. ఈ ఉరి తప్పించుకొనక ఎన్ని పిశాచాలను నింపినా స్వప్నలోకం ఏర్పడదు.

పాశ్చాత్య నిర్మాతలు ఈ చిక్కును ఎరుగనివారు కారు. ‘కాల్ ఆఫ్ కథూలూ’ అనే క్రీడ 1981లో వచ్చినది, హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ కథలు దానికి ఆధారం. అతని స్వప్నకథల ననుసరించి ఆ క్రీడకే 1986లో ఒక స్వప్నభూముల గ్రంథం వెలువడినది. అందులోనికి దిగడం మెట్లు దిగడమే: తేలికనిద్రకు డెబ్బది మెట్లు, పిమ్మట గాఢనిద్రాద్వారానికి ఏడువందల మెట్లు. ఆ క్రీడలో చిత్తస్థైర్యాన్ని సంఖ్యతో కొలుస్తారు; ఘోరాన్ని చూచినప్పుడు ఆ సంఖ్య తగ్గుతుంది. దేహానికి దెబ్బ తగలకున్నా మనసుకు తగులుతుందన్నమాట. ఇది మంచి యుక్తియే. లవ్‌క్రాఫ్ట్‌దే ‘సెలెఫాయిస్’ అనే కథలో ఒకడు తాను కలగన్న నగరానికి రాజై శాశ్వతంగా ఉండిపోతాడు. ఇక్కడ వాని శవం సముద్రతీరాన కొట్టుకొని వస్తుంది. అయినా ఈ రెండింటిలోనూ చూపు కలగనేవానిమీదనే నిలిచి ఉన్నది. వానికి ఏమైనది, వాని మతి ఏమైనది, వాని దేహం ఏమైనది అనే ప్రశ్నలే.

మన గ్రంథాలలో ఈ ప్రశ్నకు మరికొన్ని ముఖాలున్నవి. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో, ఆరంభణాధికరణభాష్యంలో, అసత్యం నుండి సత్యమైన ఫలం ఎట్లు కలుగుతుందన్న ఆక్షేపానికి శంకరులు రెండు దృష్టాంతాలు చూపినారు. విషం తిన్నానన్న శంకతోనే మరణించినవాడు ఒకటి. కలలో పాము కరచినవాడు, కలలో నీట మునిగినవాడు రెండవది. పాముకాటు అబద్ధమే, స్నానమూ అబద్ధమే. కాని ఆ కాటును తాను ఎరిగినానన్న ఎరుక మేల్కొన్న తరువాత కూడా బాధితం కాదు. లేచినవాడు ‘పాము లేదు’ అంటాడే గాని ‘నేను చూడలేదు’ అనడు. నా మట్టుకు ఇది ఆ విద్యార్థి చిక్కుకు సగం సమాధానం. వస్తువు దాటిరాదు, ఎరుక దాటివస్తుంది. కలలో ఒకడు తన అన్నను చంపినాడనుకొందాము. లేచిచూస్తే అన్న ప్రక్కనే పడుకొని ఉన్నాడు. అన్న బ్రతికే ఉన్నాడు, కాని తాను చంపగలనన్న జ్ఞానం మాత్రం తొలగిపోదు. ఏ పాచికా దానిని మాన్పలేదు. అదే ప్రకరణంలో శంకరులు ఉదాహరించిన శ్రుతులలో ఒకటి, నల్లని దంతాలు గల నల్లని పురుషుని కలలో చూచినవానికి మరణం సమీపించినదని చెబుతుంది. నోటుపుస్తకంలోని నూరు తలల కంటె ఆ పండ్లు ఎక్కువ భయంకరమని నా అభిప్రాయం.

మిగిలిన నియమాలకూ మనకు కొరత లేదు. బృహదారణ్యకం స్వప్నాన్ని సంధ్యాస్థానమన్నది; ఇహానికీ పరానికీ నడిమి చోటు. అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు; చూచేవాడే వాటిని సృజించుకొంటాడు. దాని వెంటనే ఒక హెచ్చరిక: నిద్రించేవానిని హఠాత్తుగా లేపరాదు. ఎందుకన్నదానికి భాష్యకారుల వివరణ చూడదగినది. బయటకు పోయిన ఆత్మ తొందరలో తాను వెడలిన ద్వారంగుండానే తిరిగి చేరక, ఇంద్రియాలు తారుమారై, గ్రుడ్డితనమో చెవుడో సంభవించవచ్చును. అప్పుడు చికిత్స కష్టం. అంటే స్వప్నలోకంలో చిక్కుకొన్న మిత్రుని కాపాడబోయి భుజం పట్టి కుదపడమే ఆపద! పిశాచం అక్కరలేదు, ఆదుర్దాపడే స్నేహితుడు చాలును. చరకుడు ఇంద్రియస్థానంలో కలలను ఏడు విధాలుగా విభజించి, చూచినవాటి, విన్నవాటి, అనుభవించినవాటి, కోరినవాటి, ఊహించినవాటి వలన కలిగే అయిదింటికీ ఫలం లేదన్నాడు. భావిని తెలిపేది, దోషం వలన కలిగేది అనే రెండే మిగిలినవి. చెడ్డ కల వచ్చిన తరువాత తిరిగి నిద్రపోయి మంచి కల చూస్తే ఆ మంచిదాని ఫలమే దక్కుతుందన్నాడు. చెడ్డ కలనుండి బయటపడడానికి మేల్కొనడం కాక మళ్ళీ నిద్రపోవడమే మార్గమనే ఈ మాట క్రీడానిర్మాతకు వరం వంటిది.

ఒక్క విషయంలో మాత్రం హెచ్చరించవలసి ఉన్నది. కలలో అన్నీ మారిపోతవి గనుక స్వప్నలోకంలో ప్రతిదీ క్షణక్షణం మారవలెనని చాలమంది అనుకొంటారు. సంధ్యాధికరణంలో శంకరులు కూడా కలలో రథమనుకొన్నది మనిషి కావడం, మనిషి అనుకొన్నది చెట్టు కావడం చెప్పినారు. కాని వారు చెప్పినది కల మాయామాత్రమని నిరూపించడానికి, భయపెట్టడానికి కాదు. అన్నీ మారే చోట భయం నిలువదు. అక్కడ ఉండేది హాస్యమో అద్భుతమో. భయానకానికి స్థిరత్వం కావలెను. అక్కడి గుర్తులకు ఒక వ్యాకరణం ఉండవలెను. అయోధ్యకాండలో కేకయరాజ్యంలో ఉన్న భరతునికి వచ్చిన కల, సుందరకాండలో లంకలో త్రిజటకు వచ్చిన కల ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివితే ఈ సంగతి తేటపడుతుంది. వేర్వేరు దేశాలు, ఒకరు రాజకుమారుడు, ఒకతె రాక్షసి. అయినా ఎర్రని వస్త్రాలు, నూనె, గాడిదలు పూన్చిన రథం, దక్షిణదిశ ఇద్దరికీ సమానం. చదివేవానికి ఆ గుర్తులు ముందే తెలుసు గనుక, దశరథుడు ఎర్రపూలమాలతో దక్షిణానికి పోతున్నాడనగానే వర్ణన అవసరం లేకయే గుండె జారుతుంది. క్రీడలో కూడా మొదటి కలలో దక్షిణానికి పోయినవాడు తిరిగిరాలేదని ఆడేవారికి తెలిస్తే, మూడవ కలలో దారి దక్షిణానికి తిరిగినప్పుడు సూత్రధారుడు గొంతు పెంచవలసిన పని ఉండదు.

ఇక కలను సృజించేది ఎవరన్న ప్రశ్న. శంకరమతంలో జీవుని వాసనలు. రామానుజులు శ్రీభాష్యంలో, ఆయా జీవుల కర్మానుసారంగా, వారికి మాత్రమే అనుభవయోగ్యంగా, అంతవరకే నిలిచేటట్లు ఈశ్వరుడే సృజిస్తాడన్నారు. బల్లవద్ద కూర్చున్న సూత్రధారునికి ఇది శాస్త్రచర్చ కాదు, పనికి సంబంధించిన విషయం. నూరు తలల పిశాచం అతని సృష్టి. ఆడేవారికి దానితో సంబంధం లేదు గనుకనే అది భయపెట్టలేదు. అయితే ఆడేవాని వాసనలకే అంతా వదలితే కథ ఎవరికి వారిదై చెదరిపోతుంది. నాకు రామానుజుల మార్గమే ఇక్కడ ఉపయుక్తమని తోచినది: సృష్టి సూత్రధారునిది, కర్మ ఆడేవానిది. అద్వైతం చెప్పుకొని బ్రతికే నేను ఈ మాట అనవలసిరావడం మిత్రులకు నవ్వు తెప్పించవచ్చును.

ఇంతవరకు చెప్పినది సగం సమాధానమే. మిగిలిన సగాన్ని నేను ఆ విద్యార్థికి చెప్పలేదు. అతడే నాకు చెప్పినాడు.

వారం తరువాత అతనిని పిలిపించి, యోగవాసిష్ఠంలోని లవణోపాఖ్యానం, గాధి ఉపాఖ్యానం చదివి వినిపించినాను. పరిశోధకులు దీని ప్రాచీనరూపమైన మోక్షోపాయాన్ని 10వ శతాబ్ది కాశ్మీరానికి చెందినదంటున్నారు. మడికి సింగన ‘వాసిష్ఠ రామాయణము’ మూలాన తెలుగువారికి ఆ గ్రంథం 15వ శతాబ్దినుండీ పరిచితమే. లవణుడు కొలువుదీరి ఉండగా ఒక ఐంద్రజాలికుడు వచ్చి నెమలిపింఛాన్ని త్రిప్పుతాడు. సభలోనివారికి కొద్దిసేపు రాజు కదలక కూర్చున్నాడు, అంతే. రాజుకు మాత్రం ఒక గుర్రం తనను అడవికి ఎత్తుకొనిపోయినది. ఆకలితో మాడుతుండగా ఒక చండాలకన్య అన్నం తెచ్చినది. తన్ను పెండ్లాడితేనే పెడతానన్నది. అతడు ఆమెను పెండ్లాడి, ఆ పల్లెలో బిడ్డలను కని, దశాబ్దాలు గడిపి ముసలివాడైనాడు. కరవు వచ్చినది. ఊరు చెదరినది. చిన్నకొడుకు మాంసం కావలెనని ఏడ్వగా, తన మాంసమే తినుమని నిప్పులో దూకబోయి, సింహాసనంమీద ఉలికిపడి లేచినాడు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే అది ఒక మంచి ఇంద్రజాలకథ. కాని లవణుడు ఊరకుండలేడు. మరునాడు వింధ్యారణ్యానికి బయలుదేరి వెదకుతాడు. ఆ పల్లె ఉన్నది. కరవుకు మాడిన చెట్లున్నవి. ఒక ముసలిది కూతురిని, మనుమలను, అల్లుడిని తలచుకొని ఏడుస్తున్నది. అది అతని అత్త. అతడు ఆమెను ఓదార్చి రాజధానికి తిరిగివస్తాడు. గాధికథలోనూ ఇంతే. నీట మునిగిన బ్రాహ్మణుడు మునిగినంతలోనే చచ్చి, చండాలుడై పుట్టి, కీరదేశానికి రాజై, బయటపడి, అగ్నిలో దూకి, నీటినుండి తల ఎత్తుతాడు. కొన్నాళ్లకు ఒక అతిథి వచ్చి కీరదేశంలో జరిగిన ఆ ఘోరాన్ని వార్తగా చెబుతాడు. గాధి వెళ్లి చూస్తే గుర్తులన్నీ అక్కడనే ఉన్నవి. వసిష్ఠుడు వీటికి చెప్పిన వేదాంతసమాధానాలు మనం తరగతులలో చెప్పేవే గనుక ఇక్కడ విస్తరించను.

చదవడం ముగించి తల ఎత్తి చూచినాను. కుర్రవాడు మౌనంగా ఉన్నాడు. కొంతసేపటికి అన్నాడు: “గురువుగారూ, రాజుకు పీడకల అయినది మా తాతకు రోజూ బతుకే. ఆయన తోళ్ల పని చేసినాడు.”

నేను ముప్ఫై ఏండ్లుగా ఈ కథ చెబుతున్నాను. దేశకాలాల మిథ్యాత్వం చెప్పినాను, మనోమాత్రత్వం చెప్పినాను, దృష్టిసృష్టివాదంతో ముడివేసినాను. చండాలవాటికలో బ్రతకడమే అన్నిటికన్న ఘోరమైన కలగా ఆ కథకుడు ఎన్నుకొన్నాడన్న సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు. తట్టినా దాటవేసి ఉంటాను. ఆ తరగతులలో ఆ కుర్రవాని వంటివారు ఎందరు కూర్చుండి, ఏమీ అనక, వ్రాసుకొని వెళ్లినారో! ఒక పరిశోధనా మండలి ముందు ఈ కథలలోని స్వప్నలోకాలపై ఒక విద్యార్థిని అంశం ప్రతిపాదించినప్పుడు ‘ఇది వేదాంతమా, సాహిత్యమా తేల్చి రండి’ అని త్రిప్పి పంపిన సందర్భం నాకు తెలుసు. అప్పుడు నేనూ ఆ బల్లకు ఇవతలి వైపుననే ఉన్నాను. అమెరికాలో వెండీ డానిజర్ ఓ ఫ్లాహర్టీ 1984లోనే ఈ ఉపాఖ్యానాలను కేంద్రంగా చేసుకొని కలలపైన, మాయపైన పెద్ద గ్రంథం వెలువరించినారు. మనకు మాత్రం అవి పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నలు.

విద్యార్థి అంతటితో ఆగలేదు. “ఆ ముసలామె ఎవరి కలలో ఉన్నది?” అని అడిగినాడు. రాజు లేచినాడు, కల ముగిసినది. మరి ఆమె ఎందుకు ముగియలేదు? ఆమెకు కూతురు నిజంగానే పోయినది, మనుమలు నిజంగానే పోయినారు. రాజుకు నెమలిపింఛం త్రిప్పినంతసేపు జరిగినది ఆమెకు ఒక జీవితమంతా జరిగినది. తెలిసిన శాస్త్రమంతా చెప్పి చూచినాను. అతడు వినయంగా విన్నాడు గాని తృప్తిపడలేదు. నిజం చెప్పవలెనంటే నేనూ పడలేదు.

స్వప్నలోకం ప్రమాదకరం కావడానికి మూలం ఇదేనని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం. అక్కడ నీకు జరిగేది కాదు, నీవు లేచిపోయిన తరువాత అక్కడివారికి జరిగేది. చచ్చిపోతానన్న భయం పాచికతో తీరిపోతుంది. విడిచివచ్చినానన్న భయం తీరదు. పాశ్చాత్య క్రీడలలో దీనిని కొంతవరకు పట్టుకొన్నది 2004లో కీత్ బేకర్ రూపకల్పనతో వచ్చిన ‘ఎబెరాన్’ అనే లోకం. అందులో డాల్ క్వోర్ అనే స్వప్నభూమి ఉన్నది. నిద్రించేవారి ఆత్మలు అక్కడికి పోతవి; దేహంతో ఎవరూ పోలేరు. అక్కడ నివసించే క్వోరీలు తమ యుగం మారితే తాము నశిస్తామని ఎరిగి, ఆ మార్పును ఆపడానికి మేల్కొన్న మనుషుల దేహాలలో ప్రవేశించి రాజ్యాలేలుతుంటారు. వారు దుష్టులే. అయినా వారి కోరిక ఏమిటి? లేకుండా పోకూడదన్నదే. ఆ ముసలిది కూడా అదే కోరి ఉంటుంది. ఆమె ఏడ్చినది, వీరు దండెత్తినారు. నిర్మాత వారిని శత్రువులుగానే నిలిపినాడు గాని, ఆ కోరికను మొదట పెట్టి శత్రుత్వాన్ని వెనుక పెట్టి ఉంటే ఇంకా గొప్పగా ఉండేదని నాకనిపిస్తుంది.

బాణాసురుని కూతురు ఉష కథ ఇందుకు తారుమారు. ఆమె కలలో చూచినవానిని కలలో విడువలేదు. చిత్రరేఖ చేత బొమ్మలు వ్రాయించి, అనిరుద్ధుని గుర్తించి, నిద్రిస్తున్నవానిని తెప్పించుకొన్నది. దాని ఫలం యుద్ధం, తండ్రి చేతుల ఖండన. కలను మేలుకువలోనికి లాగితే ఎంత మూల్యం చెల్లించవలెనో పోతన భాగవతం దశమస్కంధం చదివిన ప్రతివారికీ తెలుసు. లవణుడు విడిచివచ్చినాడు, ఉష తెచ్చుకొన్నది. ఈ రెండింటి నడుమ ఎక్కడైనా స్వప్నలోకాన్ని నిలుపవచ్చును.

శాస్త్రాన్ని ఆటకు దింపడం అపచారమని పెద్దలు కొందరు నాతో అన్నారు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం మరొకసారి చూడవలసినదిగా వారికి నా మనవి. ఇంద్రాదులు బ్రహ్మను అడిగినది మోక్షసాధనం కాదు; చూడదగిన, వినదగిన ఒక క్రీడనీయకం. అడిగినది ఆటవస్తువు, లభించినది అయిదవ వేదం. ముప్పది మూడు వ్యభిచారిభావాలలో భరతుడు నిద్రను, సుప్తాన్ని, విబోధాన్ని వేర్వేరుగా లెక్కించినాడు; మేల్కొనడం కూడా ఒక భావమే, నిద్రకు ముగింపు మాత్రమే కాదు. భాసుని స్వప్ననాటకం, గణపతిశాస్త్రిగారు 1912లో తిరువనంతపురంలో ప్రకటించినది, ఆ ఒక్క భావంమీదనే నిలిచి ఉన్నది. మంచంనుండి వ్రేలాడుతున్న రాజు చేతిని వాసవదత్త ఎత్తి పెట్టి వెళ్లిపోతుంది. లేచి పరుగెత్తిన రాజు తలుపుకు కొట్టుకొంటాడు. అది కలయేనని విదూషకుడు నచ్చజెప్పచూస్తాడు. ఇక మన పింగళి సూరన కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతితో వినోదానికి చెప్పిన కథ లోకంలో జరిగితీరుతుంది. చెప్పేవాడు బ్రహ్మ గనుక ఆయన పాత్రలు ఊరక మాటలుగా ఉండిపోరు. బల్లవద్ద కూర్చున్న సూత్రధారుడు బ్రహ్మ కాడు. కాని ఎదుట ఉన్న నలుగురికీ అతడు సృష్టించినవారు ఉన్నట్లే గనుక, వారిపట్ల బ్రహ్మకున్నంత బాధ్యత అతనికీ ఉన్నది.

విద్యార్థి నోటుపుస్తకాన్ని కొత్తగా వ్రాసినాడు. నెత్తుటి నది పోయినది. ఎముకల నిచ్చెన ఒక్కటి ఉంచుకొన్నాడు, నేను వద్దన్నా వినలేదు. ఇప్పుడు ఆ లోకంలో ఉన్నది ఒక పల్లె. అందులో ఘోరం ఏమీ లేదు. దారి తప్పి వచ్చిన నలుగురికీ ఊరివారు అన్నం పెడతారు, పని నేర్పుతారు, పిల్లనిస్తారు. ఎవరి వృత్తినీ నీచంగా చూపలేదు. తోళ్ల పనివానిని ఊరిపెద్దగా నిలిపినాడు. ఏండ్లు గడచిన పిమ్మట వానలు పడవు. అప్పుడు, ఊరికి వారి అవసరం ఎక్కువగా ఉన్న రోజున, ఎవరో భుజం పట్టి కుదుపుతారు.

సెలవులలో నాలుగు రాత్రులు ఆడినారట. మూడవ రాత్రి వారు మేల్కొన్నారు. ఒకని పాత్రకు వినికిడి తిరిగి రాలేదు. అది ఉపనిషత్తు నుండి తీసుకొన్నది. ఆడేవారు దానిని పట్టించుకొనలేదు. చాలసేపు ఎవరూ మాటాడలేదట. పిదప ఒకడు, అందరికన్న అల్లరివాడు, తన పాత్ర రాజధానికి పోదనీ, ఆ పల్లె ఎక్కడ ఉన్నదో వెదకుతూ నడచిపోతుందనీ చెప్పినాడు. లవణుని కథ వానికి తెలియదు. సూత్రధారుడు దానికి సిద్ధంగా లేడు. పాచికలు మూటగట్టి ఆ పూటకు ఆట ఆపివేసి, మరునాడు ఉదయమే నా ఇంటికి వచ్చినాడు.

“గురువుగారూ, వాడు పల్లె చేరుకొంటాడు. ముసలామె ఇంటిముందు కూర్చుని ఉంటుంది. ఆమెకు వాడు గుర్తున్నాడా? ఏమని పిలుస్తుంది – అల్లుడా అనా, అయ్యా అనా?”

గ్రంథం తీసి మళ్ళీ చూద్దాము, కూర్చోమన్నాను. ఇద్దరం మధ్యాహ్నందాకా ఆ సర్గలు చదివినాము. అతడు ఆ రాత్రికి ఆట మొదలుపెట్టవలసి ఉన్నది గనుక లేచి వెళ్లినాడు. ఏ పిలుపు ఎన్నుకొన్నాడో నాకింకా చెప్పలేదు.